కడుపు నిండా కాదన్నారు

భోజనం పెట్టినవాళ్లంతా నా మాట ఒప్పుకున్నట్టే అని నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. పని మీద మెట్టసీమ వైపు వెళ్లేవాళ్లు నాలాగా విస్తరి చూసి మురిసిపోకూడదు.

తొంభైల చివర్లో హైదరాబాదులో ఒక డ్రిప్పు పైపుల కంపెనీలో చేరాను. గోదావరి కాలవ గట్టున పుట్టి, చేలో నీళ్లు ఎక్కువైపోయాయని ఏడ్చేవాళ్ల మధ్య పెరిగినవాణ్ణి. అలాంటి నన్ను, నీళ్లు లేని మెట్టసీమకు బొట్లు లెక్కన తడిపే పైపులు అమ్మమని పంపారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఊరికొక దుకాణదారు ఏజెన్సీ తీసుకునేలా చేయాలి. "ఒక్క సంతకమైనా తేకపోతే ఉద్యోగం పర్మనెంటు కావడం కష్టం" అన్నాడు మా మేనేజరు. ఆయన ముందు నీళ్లు నమిలాను. అప్పటికి నా దగ్గర సమృద్ధిగా ఉన్న నీళ్లు అవే.

సాయంత్రం హైదరాబాదులో బస్సెక్కితే తెల్లవారేసరికి మదనపల్లె. దిగగానే చలి పలకరించింది. స్వెట్టరు తీసుకెళ్లండి, నేను తీసుకెళ్లలేదు. బస్టాండు ఎదురు లాడ్జీలో బకెట్టు వేడినీళ్లు ఇస్తారు, అడిగితేనే. స్నానం చేసి, టమాటా లారీల సందుల్లోంచి దారి చేసుకుంటూ రెడ్డెప్పగారి ఎరువుల కొట్టుకు చేరాను.

రెడ్డెప్ప నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. అయినా నన్ను "అప్పా" అనే పిలిచాడు. నేను ప్రతి మాటకూ "అండి" తగిలిస్తుంటే ఆయన ప్రతి మాటకూ "అప్పా" తగిలించాడు. పైపు ముక్కను రెండు వేళ్లతో అందుకుని చూశాడు.

"బాగుండాదప్పా. శానా బాగుండాది."

"అయితే ఏజెన్సీ తీసుకుంటారాండి?"

"సూద్దాం లేప్పా. ముందు కాఫీ తాగు."

కాఫీ వచ్చింది, వెనకాలే వేడి వేడి మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఆపైన తన స్కూటరు మీద నన్ను బస్టాండులో దింపి, కిటికీ పక్క సీటులో తువ్వాలు కూడా వేయించాడు. ఒక ఊరు అయిపోయిందనుకున్నాను.

నా లెక్కకు కారణం ఉంది. మా వైపు బేరం తెగాకే విస్తరి పడుతుంది. తెగకపోతే మంచినీళ్లిచ్చి "ఈసారి చూద్దాం, మీకు బస్సు వేళవుతోంది" అంటారు. ఎవరూ ఏమీ అనుకోరు. కనుక విస్తరి వేశారంటే సంతకం పెట్టినట్టే.

పుంగనూరులో చెంగప్ప మోటార్ల దుకాణం, వెనకే ఇల్లు. నేను పైపు చుట్ట విప్పేలోపలే ఆయన లోపలికి కేక వేశాడు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, వేరుశనగల ఊరుబిండి పచ్చడి. సంగటి నమలకూడదనీ, మింగాలనీ ఆయనే నేర్పించాడు.

"ఏజెన్సీ సంగతండీ..." అన్నాను.

"దానికేమప్పా, యాడికి పోతాది? ఇంకో ముద్ద ఎయ్యే!" అన్నాడు భార్యతో.

ఏజెన్సీ అన్నప్పుడల్లా ఒక ముద్ద పడింది. నాలుగోసారి అడిగే చోటు కడుపులో లేదు. బయటికొచ్చి ఎస్టీడీ బూతులోంచి మేనేజరుకు ఫోను చేశాను. "రెండూళ్లు అయిపోయాయండి!" అన్నాను త్రేన్పు ఆపుకుంటూ. "శభాష్! సంతకాలు పట్టుకురండి" అన్నాడాయన.

కుప్పానికి పలమనేరులో బస్సు మారాలి. పుంగనూరులో ఎక్కిన బస్సులో నా పక్కన సోమల నుంచి వస్తున్న ఒక పెద్దావిడ, ఒళ్లో చిక్కుడుకాయల గంప. కూతురింటికి పోతోందట. ఆ ప్రాంతంలో పక్క సీటువాళ్లు మీ గోత్రం దాకా అడుగుతారు, చెప్పేయండి. నేను నా విజయగాథ చెప్పాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"కోడి కోసినాడా?"

"కోశాడండి."

"అయితే కాదనేసినాడప్పా."

గంగవరం దాటేదాకా ఆవిడ ఆపుకోలేక నవ్వింది. నేను మటుకు నవ్వలేదు.

"అట్ట మొగం పెట్టుకోమాకప్పా. అంత దూరం నించి వాకిట్లోకి వచ్చినోణ్ణి మొగం మింద కాదంటారా? వట్టి కడుపుతో పంపిస్తారా? నిజింగా కావాలనుకున్నోడు నీతో జగడం పెట్టుకుంటాడు గానీ కోణ్ణి యాల కోస్తాడు?"

"మరి మదనపల్లెలో బజ్జీలండీ?"

"అదీ అంతే. మాట సిన్నది కాబట్టి బజ్జీలతో పోయింది."

పలమనేరులో ఆవిడ దిగిపోయింది. నేను ఫోనులో చెప్పిన రెండూళ్లూ ఆవిడతోపాటే దిగిపోయాయి. ఇక మిగిలింది కుప్పం. అక్కడ కూడా ఎవరైనా కోడి కోస్తే నా ఉద్యోగం మెడ కూడా తెగుతుంది.

ఆ రాత్రి కుప్పం స్టేషను దగ్గర లాడ్జీలో పడుకుని, బెంగళూరు రైళ్ల కూతలు వింటూ తెల్లవార్చాను. పొద్దున నాగమ్మగారి పంపుసెట్ల దుకాణానికి వెళ్లాను. భర్త పోయాక కొట్టు ఆవిడే నడుపుతోంది. నన్ను కూర్చోమనలేదు. పైపు లాక్కుని, మెలితిప్పి, కొరికి చూసింది.

"ఏందప్పా ఇది, పైపా సేమ్యానా? ఉడత కొరికితే ఏం జేస్తావు?"

నాలో చిన్న ఆశ పుట్టింది.

"మా బోరు నీళ్లు ఉప్పు. ఈ బొక్కలు పూడుకుంటే ఎవురొస్తారు? నువ్వు హైదరాబాదులో ఫ్యానుకింద కూసోనుంటావు, రైతు వచ్చి నా కొట్టు ముందర తిడతాడు!"

ఆశ పెద్దదైంది. మంచినీళ్లు కూడా అడక్కుండా జవాబు చెప్పాను. ఆసిడ్డు పోసి కడిగే పద్ధతి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మళ్లీ చెప్పాను. మా అరుపులకు పక్క టైలరు మిషను ఆపి వచ్చి నిలబడ్డాడు. మధ్యాహ్నమైంది. లోపలినుంచి కోడలు తొంగి చూసింది.

"అత్తా, ఆ యప్పకి అన్నం పెట్టేదా?"

వద్దన్నట్టు రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"అన్నం యాల? పని యాడయింది ఇంకా?" అని కసిరింది నాగమ్మ.

ఇంత తియ్యని మాట నేనెప్పుడూ వినలేదు. చివరికి, పైపులు పూడుకుంటే నేనే స్వయంగా రావాలని మాట తీసుకుని సంతకం పెట్టింది. "పో, బస్సు పోతాది" అంది. స్టేషను హోటల్లో చల్లారిన సాంబారు అన్నం తిన్నాను. ఆ ప్రయాణం మొత్తంలో రుచిగా తిన్నది అదే.

తిరుగు ప్రయాణం వచ్చిన దారినే. హైదరాబాదు బస్సు మదనపల్లెలో ఎక్కాలి. దారి పొడుగునా ఆలోచించాను. మేమంతా మాట్లాడేది తెలుగే. కాదనడం మాత్రం ఎవరి జిల్లాలో వాళ్లే నేర్చుకున్నారు. మా వైపు నోటితో అంటారు, ఇక్కడ చేత్తో వడ్డిస్తారు. నొప్పి లేకుండా కాదనడానికి వీళ్లు ఒక కోడిని ఖర్చు పెడతారు, నేను ఫోనులో గొప్పలు ఖర్చు పెట్టాను.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగగానే కిటికీ కింద చెంగప్ప.

"నాగక్క తీసుకున్నాదంట గదప్పా! మా సిన్నాయన కూతురే, ఫోన్ జేసింది. పుంగనూరు మాకే ఇయ్యి."

ఆయనకే ఇస్తాను. నాకు వేరే దిక్కు కూడా లేదు. అయితే ఆ మాట హైదరాబాదు నుంచి ఫోనులో చెప్పినా సరిపోతుంది. బస్సు దిగి, ఆయన చెయ్యి పట్టుకుని ఎదురు హోటల్లోకి తీసుకెళ్లాను.

"ఇద్దరికీ ఫుల్ మీల్సు. ఆయనకు ఆమ్లెట్టు కూడా" అన్నాను.

"ఏజెన్సీ ఇచ్చినట్టే గదప్పా?"

"దానికేముందండీ, చూద్దాం. ఆ పప్పు ఇంకొంచెం వడ్డించవయ్యా."

రెండో వడ్డనకు చెంగప్ప చెయ్యి ఆగింది. ఆకు వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఏమప్పా... ఎవురు సెప్పినారు నీకు?"

"పాయసం కూడా తీసుకోండి" అన్నాను.