మేడమ్ వేళ్ల కోసం కుట్టిన గీతలు

మా మేడమ్ పోయారు. కుప్పంలో నేను పాఠం చెప్పే కాలేజీలో, చాక్‌పీసు చేతిలో ఉండగానే ఆ ఫోను వచ్చింది. క్లాసులో నేను ఫోను ఎత్తను, పిల్లల్ని ఎత్తనివ్వను. ఆ రోజు మాత్రం మేడమ్ చెల్లెలి నంబరు చూసి ఎత్తాను. "అక్క నిద్దర్లోనే ఎల్లిపోయిందమ్మా. పొద్దున కాఫీ తీసకపోయి పిలిస్తే పలకలా," అంది ఆమె. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఎంతమందికి ఇలాంటి కబుర్లు చెప్పి ఉంటుందో. ఆ రెండు ముక్కలు చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

బోర్డు మీద సగం గీసిన బొమ్మ అలాగే వదిలేసి మదనపల్లె బస్సు ఎక్కాను. నేను ఫోను చేసి చెప్తే, పుంగనూరులో మా అమ్మ అదే బస్సు ఎక్కింది. నా పక్కన కూచుని, నా సంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. బస్సు మీద, కిటికీలోంచి కనపడే గుట్టల మీద, రోజూలాగే టమోటా బుట్టలు ఎత్తుతున్న మనుషుల మీద.

మేడమ్ మదనపల్లెలో డిగ్రీ కాలేజీలో మాకు జియాలజీలో అగ్నిశిలలు చెప్పేవారు. అంటే కరిగిన ద్రవం చల్లారి గడ్డకట్టిన రాళ్లు. పేర్లు గుర్తుండవని మమ్మల్నందరినీ ఊరి పేర్లతో పిలిచేవారు. "పేరు చెప్తే నాకేం తెలస్తాదప్పా? ఊరు చెప్పండి, మీ కాళ్ల కింద యే రాయి ఉండాదో చెప్తాను," అనేవారు. నేను పుంగనూరు. పైగా పొట్టి, పైగా మొండి. అందుకని ఒట్టి పుంగనూరు కాదు, "పుంగనూరు దూడ". మా ఊరి పొట్టి ఆవుల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మూడేళ్లూ ఆ పేరుకు ఉడుక్కున్నాను. ఇప్పుడు నన్ను ఆ పేరుతో పిలిచే గొంతు ఎక్కడా లేదు.

ఆమె చెప్పిన పాఠాల్లో అందరం భయపడింది ఫేజ్ డయాగ్రమ్‌లకు. చూడ్డానికి ఏమీ ఉండదు. ఒక చదరం, అందులో రెండు మూడు గీతలు. నిలువున వేడి, అడ్డంగా రెండు ఖనిజాల పాళ్లు. పై గీతకు పైన అంతా ద్రవం, కింది గీతకు కింద అంతా రాయి, నడుమ రెండూ కలిసి ఉంటాయి. మేము దాన్ని బట్టీ కొట్టి దించేసేవాళ్లం. మేడమ్‌కు ఒళ్లు మండేది.

"బొమ్మ మాదిరి సూడొద్దండప్పా. దాంట్లోకి దిగి నడవండి."

దిగి నడవడమంటే నిజంగానే. ఒకరిని లేపి నిలబెట్టి అడిగేవారు. "నువ్వు ఇప్పుడు యాడుండావు?" పై గీతకు పైన మేడమ్. "నీ సుట్టూ యేముండాది?" ద్రవం మేడమ్. "ఇంగేమన్నా?" ఏం లేదు మేడమ్. "అయితే సల్లబడు." మేము చల్లబడేవాళ్లం. గీతను తాకగానే మొదటి స్ఫటికం పుట్టేది. ఇంకా చల్లబడితే రెండు ఖనిజాలూ ఒక్కసారే గడ్డకట్టే అట్టడుగు బిందువుకు చేరేవాళ్లం. దాన్ని యూటెక్టిక్ అంటారు. అక్కడికి రాగానే అందరం చేసే తప్పు ఒకటే, గబగబా కిందికి దిగిపోవడం. "ఆగు. ఇంగా ద్రవం ఉండాది కదా. అది అయిపోయేదాకా వేడి తగ్గేదానికి లేదు. యాల తొందర?" అనేవారు. ఎవరికి అర్థం కాకపోయినా మళ్లీ పై నుంచి మొదలుపెట్టేవారు. విసుక్కోవడం నేను చూడలేదు. విసుగంతా బట్టీ కొట్టేవాళ్ల మీదే.

రిటైరయ్యాక కూడా ఇంట్లో పాఠం మానలేదు. పీజీ ఎంట్రన్సుకు చదివే పిల్లలు సాయంత్రాలు వచ్చేవారు. ఆ వరండాలో నల్లబల్ల, బల్ల మీద గుడ్డ కప్పిన మైక్రోస్కోపు, ఒక పక్క మేడమ్ కుర్చీ. చెల్లెలు లోపలి నుంచి అందరికీ టీ పంపేది. నేను ఉద్యోగంలో చేరాక కూడా మదనపల్లె వెళ్తే ఆ వరండాలో ఒక మూల కూచునేదాన్ని. నాకు ఇంకా పూర్తిగా అర్థం కానివి చాలా ఉన్నాయని ఆమెకొక్కరికే తెలుసు.

తర్వాత షుగరు ఆమె కళ్ల మీద పడింది. మొదట మైక్రోస్కోపులో రంగులు కలిసిపోయాయి. పలుచగా అరగదీసిన రాతి ముక్కను అందులో పెట్టి తిప్పితే ఖనిజాలు నీలం, పసుపు, గులాబీ రంగుల్లో మెరుస్తాయి. ఆ మెరుపు చూడటానికే మేడమ్ ఈ చదువులోకి వచ్చారట. ఒక రోజు మైక్రోస్కోపును పెట్టెలో పెట్టించేశారు. "రంగులు పోయినాయమ్మా. గీతలన్నా మిగిలితే సాలు," అన్నారు నాతో. గీతలు కూడా మిగల్లేదు.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. వెంకటగిరికోట అబ్బాయి, కలకడ అమ్మాయి, ఇద్దరే విద్యార్థులు. మేడమ్ తడుముకుంటూ బల్ల దగ్గరికి వెళ్లి, అలవాటు మీద డయాగ్రమ్ గీశారు. కింది గీత పై గీతను దాటుకుని పైకి పోయింది. పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. ఎలా చెప్తాం? మేము ఊరుకున్నందుకే ఆమెకు అర్థమైపోయింది. చాక్‌పీసు బల్ల అంచున పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకున్నారు.

"రేప్పట్నించి రావద్దండప్పా. మీకు మంచి టీచర్ని సూసుకోండి."

పిల్లలు వెళ్లాక కుర్చీలో కూచుని ఏడ్చారు. ఆమె ఏడవడం చూడటం అదే మొదలు. కళ్లు పోయినందుకు కాదని నాకు తెలుసు. ప్రార్థనలో అడిగినట్టు ఆమె మెల్లగా అన్న మాట ఇది. "పాఠం చెప్పకుండా నేను ఇంట్లో యేం జేస్తాను?" పుంగనూరు వచ్చేదాకా బస్సులో ఆ మాటే చెవుల్లో మోగుతూ ఉంది.

మా అమ్మది మగ్గం పని. పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసలు కుడుతుంది. ఇంటికి వెళ్లేసరికి కరెంటు లేదు. అమ్మ చట్రం ముందు కూచుని, కుట్టు ఎక్కడిదాకా వచ్చిందో వేలితో తడిమి చూసుకుంటోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అంతవరకు ఆ పని నేను వెయ్యిసార్లు చూసి ఉంటాను.

ఒక తెల్లగుడ్డ మీద పెన్సిలుతో డయాగ్రమ్ గీసి అమ్మకిచ్చాను. పై గీతకు లావు జరీ, అది రెండు పక్కల నుంచి దిగి కలిసే యూటెక్టిక్ దగ్గర ఒక పూస, కింది గీతకు సన్నదారం. చెప్పాల్సింది చెప్పి కుప్పం వెళ్లిపోయాను. ఆ వారాంతం అమ్మా నేనూ దాన్ని తీసుకుని మదనపల్లె వెళ్లాం. మేడమ్ ఒళ్లో చట్రం పెట్టి, ఆమె చూపుడువేలు పట్టుకుని జరీ మీద ఉంచాను. వేలు ఎడమ గీత మీద మెల్లగా దిగింది. పూసను తాకింది. కుడి గీత మీద పైకి పోయింది. పోయి, నిలబడింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఇదేమమ్మా, రెండు పక్కలా సమానంగా ఉండాది? ఇట్లాంటి రాయి భూమ్మీద యాడా లేదే."

నేను గుడ్డ చూశాను. నా గీతలో ఎడమ చేయి పొట్టి, కుడి చేయి పొడుగు. పూస ఎడమవైపుకు జరిగి ఉండాలి. అమ్మ దాన్ని సరిగ్గా నడిమధ్యలో పెట్టి, రెండు చేతులూ ఒకే ఎత్తున కుట్టేసింది.

"నీ గీత వంకరగా ఉండాదని సరిజేసినానే," అంది అమ్మ నాతో. మేడమ్ వైపు తిరిగింది. "జాకెట్టుకు ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు కుడితే యెవురేసుకుంటారు మేడమ్?"

మేడమ్ నవ్వారు. కళ్లు పోయాక ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినలేదంటూ చెల్లెలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నవ్వు ఆగాక మేడమ్ అమ్మను పక్కన కూచోబెట్టుకుని పాఠం మొదలుపెట్టారు. "సూడమ్మా, ఈ పక్క ఖనిజం కరగాలంటే తక్కువ వేడి సాలు. ఆ పక్కది మొండిది, దానికి శానా వేడి కావల్ల. అందుకే ఆ చెయ్యి ఎత్తు." అమ్మ తలూపింది. "మీ పుంగనూరు దూడ మాదిరి అన్నమాట," అని నా వైపు చూసింది. ఇద్దరూ మళ్లీ నవ్వారు. నాకు ఉడుకుమోత్తనం రాలేదు ఆ రోజు.

అమ్మ సరైనది కుట్టింది. దాని వెంట ఇంకొకటి, రెండు గీతలు ఆకు ఆకారంలో ఉండేది. కుప్పం గనుల నల్లరాతిలో తెల్లగా కనపడే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఎలా గడ్డకడుతుందో చెప్పే డయాగ్రమ్. అది నేను పరీక్షల్లో రాశాను, పిల్లలకు చెప్తున్నాను కూడా. నిజానికి అర్థమైంది మాత్రం మేడమ్ వేళ్లు చూశాకే. ఎడమ వేలు పై దారం మీద, అది ద్రవం. కుడి వేలు కింది దారం మీద, అది రాయి. రెండూ ఒకే ఎత్తున పెట్టి, రెండింటినీ కలిపి కిందికి జరిపారు. బోర్డు మీద గీసేటప్పుడు ఒక గీత తర్వాత ఒకటి చూస్తాం. అందుకే ద్రవం ఒక్కటే మారుతుందని, పుట్టిన రాయి పుట్టినట్టే ఉంటుందని మనసులో పడిపోతుంది. రెండు వేళ్లు ఒకేసారి కదిలితే రెండూ మారుతూ దిగుతున్నాయని చేతికే తెలిసింది. "కుడి వేలు మనం బయల్దేరిన చోటికి సరిగ్గా కిందికొచ్చిందా, ద్రవం అయిపోయినట్టే," అన్నారు. "ఇన్నేండ్లు కండ్లతో చెప్పినానే, ఇంత బాగా యెప్పుడూ చెప్పలేదు."

ఆ మాటకు నేను పక్కకు తిరిగి ఏడ్చాను. సంతోషమే అది.

వెంకటగిరికోట అబ్బాయి, కలకడ అమ్మాయి మళ్లీ వచ్చారు. వాళ్లను కూడా కళ్లు మూసుకోమనేవారు మేడమ్. వరండాలో ముగ్గురూ కళ్లు మూసుకుని గుడ్డల మీద వేళ్లు జరుపుతూ కూచుంటే, దారిన పోయేవాళ్లు ప్రార్థన జరుగుతోందనుకునేవారు. ఆ వచ్చిన వేసవిలో అబ్బాయికి సీటు వచ్చింది. మేడమ్‌కు కబురు చెప్పడానికి వచ్చి కాళ్ల దగ్గర కూచున్నాడు. "పరీక్షలో యే డయాగ్రమ్ వచ్చినాదప్పా?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న.

మేము వెళ్లేసరికి మేడమ్‌ను తెల్లచీరలో పెట్టెలో పడుకోబెట్టారు. చెల్లెలు ఆమె చేతుల మీద బైబిలు పెట్టింది. దాని పక్కన ఆకు డయాగ్రమ్ గుడ్డ మడిచి పెట్టబోయింది. కలకడ అమ్మాయి ఆమె చేయి పట్టుకుంది. ఆ పిల్ల ఏడుస్తూనే అంది. "వద్దాంటీ. నేను ఇంగా దాన్ని చదవల్ల." చెల్లెలు ఆ పిల్ల మొహంలోకి చూసి, గుడ్డ తీసి పిల్ల చేతిలో పెట్టింది. "అక్క ఉంటే ఇదే చెప్పుండేది," అంది.

శ్మశానంలో కీర్తన పాడారు. పాస్టరు గారు వాక్యం చదివారు. పిడికెడు మన్ను వేయమన్నారు. గరుసు మన్ను, రాయి చివికి అయిన మన్ను. అరచేతిలో గులాబీ పలుకులు మెరిశాయి. ఇది ఏ ఖనిజమని అడగడానికి పక్కకు తిరిగాను. పక్కన అమ్మ ఉంది. ఆ క్షణం నాకు అప్పుడే తెలిసినట్టు తెలిసింది, ఆమె లేరని. మన్ను చేతిలోనే ఉండిపోయింది. అమ్మ నా వేళ్లు ఒక్కొక్కటి విప్పి దాన్ని రాల్చింది.

చీకటిపడ్డాక పుంగనూరులో ఇంటికి చేరాం. మగ్గం మీద మూడో డయాగ్రమ్ అలాగే ఉంది. మూడు ఖనిజాలది, త్రికోణం. అందులో వేడి కొండల్లా లేస్తుంది, ద్రవం లోయల వెంట దిగుతూ పోయి అన్నిటికంటే లోతైన చోట ఆగుతుంది. ఇది కూడా చెప్పేసి ఇంక విశ్రాంతి తీసుకుంటానన్నారు మేడమ్. అమ్మ రెండు లోయలు కుట్టింది. మూడోది సగంలో ఉంది. సూది గుడ్డకే గుచ్చి ఉంది.

"ఇంగ దీన్ని యేం జేయల్లే?" అంది అమ్మ.

నేను చట్రం ముందు కూచుని కళ్లు మూసుకున్నాను. ఆ మొదటి గుడ్డ తర్వాత, మేడమ్‌కు ఇచ్చే ముందు ఏ గుడ్డనైనా అలాగే సరిచూసేదాన్ని. చూపుడువేలు మూడో లోయ మొదట్లో పెట్టి జరిపాను. జరీ గరుగ్గా, గట్టిగా ఉంది. అమ్మ చేయి. వేలు దిగుతూ పోయింది, వంపు తిరిగింది, ఇంకొంచెం దిగింది. ఒకచోట దారం అయిపోయింది. ఆ తర్వాత ఉత్త గుడ్డ. వేలు ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. నాకు కళ్లు తెరవబుద్ధి కాలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

అమ్మ పక్కకు వచ్చి కూచున్నట్టు తెలిసింది. నా చేయి తీయలేదు. సుద్దముక్క తీసుకుని, కుట్టు మళ్లీ ఎత్తుకోవాల్సిన చోట ఎప్పుడూ పెట్టినట్టే, నా వేలు ఆగిన చోట దాని చుట్టూ మెల్లగా గుర్తు పెట్టింది.