మూడు నట్లకూ బొట్టు

దసరా తెల్లారి, బుధవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఇంత ఖచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, ఆ టైము ఒక పోలీసు కాగితంలో రాసి ఉంది, ఆ కాగితం నా దగ్గరే ఉంది. అది జరిగిననాడు నాకు ఇరవై రెండేళ్లు, అక్షరం ముక్క రాదు. చదవడం నలభై దాటాక నేర్చుకున్నాను. కాబట్టి నా చేతులతో నేను చేసిన పని ఎన్ని గంటలకు చేశానో తెలియడానికే నాకు సగం జీవితం పట్టింది.

మొన్న నా మేనకోడలికి వెల్డింగ్ మిషన్ కొనడానికి ఆబిడ్స్ పోయాం. చాదర్‌ఘాట్‌లో కిరాయి ఇంటి మేడమీద ఆమె పూలకుండీలకు ఇనుప స్టాండ్లు చేసి అమ్ముతుంది. ఇన్నాళ్లూ అతుకులన్నీ బయట వేయించుకొచ్చేది, ఇప్పుడు ఇంటి కరెంటుతో నడిచే చిన్న మిషన్ కావాలంది, తోడు రమ్మంది. ఈ వయసులో నన్ను బజారుకు పిలిచేవాళ్లు ఇంకెవరున్నారు, చొక్కా మార్చుకొని బయల్దేరాను.

కొట్టాయన ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా కాలంలో మిషన్ అంటే నలుగురు మోసే నూనె పీపా, ఇదేమో టిఫిన్ క్యారియర్ అంత ఉంది, భుజానికి తగిలించుకోవడానికి పట్టీ కూడా ఉంది. రెండొందల యాంపులు ఇస్తుందన్నాడు. ఎంత ఇస్తుందో కాదయ్యా, గోడలోంచి ఎంత గుంజుతుందో చెప్పమన్నాను. ఇంటి ప్లగ్గు మహా అయితే పదిహేను, పదహారు యాంపులది, అంతకు మించి గుంజితే మీట పడిపోతుంది. రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డు కాలడానికి ఎనభై, తొంభై చాలు, రెండొందలు ఎవడి నెత్తిన కొట్టుకోవడానికి? పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆగకుండా కాలుస్తుందో అడిగాను, మేడమీదికి లాగే వైరు ఎంత మందం ఉండాలో అడిగాను, ఆయన తడబడుతుంటే డబ్బా పక్కన అంటించిన రేకు మీద వేలు పెట్టి నేనే చదువుకున్నాను.

“మేస్త్రీవా తాతా? జర ముందుగాల చెప్పొద్దా, గీ ముచ్చటంతా నాతోని చెప్పించినవ్” అని నవ్వాడు. పెద్దది పక్కన పెట్టించి, ఐదు కిలోల లోపుది ఒకటి తీయించాను. వేడెక్కితే పసుపు దీపం వెలిగి తనంతట తానే ఆగిపోతుందట. అప్పుడు నా మేనకోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “నయం మామా, దీనికి మూతనే లేదు. నాన్నకు తగిలినట్టు ఎవ్వరికీ తగలది” అంది.

కట్టివ్వమన్నాను. ఆటోలో చాదర్‌ఘాట్ దాకా ఆ డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను, ఆమె ఏదేదో చెబుతోంది, నాకు ఒక్కటీ చెవికెక్కలేదు. వాళ్ల నాన్న తలకు తగిలింది మూత కాదు.

వాళ్ల నాన్న అంటే మా అక్క మొగుడు, మా బావ. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. గేట్లు, కిటికీ జాలీలు చేసేవాడు. పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో పని చేతికి రావాలంటే ముందు దెబ్బ వీపుకు రావాలి. అతుకు వంకర పోతే కాలుతున్న రాడ్డు ముక్కను మణికట్టుకు ఆనించేవాడు, మూడు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, లెక్కపెట్టుకోవచ్చు. పక్కన టైర్ల కొట్టు పెద్దాయనతో లారీ ఎక్కడ ఆపాలనే తగువులో ఒకసారి ఇద్దరూ ఇనుప కడ్డీలు పట్టుకొని నెత్తురు కారేలా కొట్టుకున్నారు, మరునాడు ఒకే సాసర్‌లో చాయ్ తాగారు. ఆ గల్లీలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. మా అక్కకు కూడా దెబ్బలు కొత్త కావు. అవి చూస్తూనే నేను అన్నం తినేవాణ్ణి, ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

పనిలో చేరేటప్పుడు ఐదో తరగతి దాకా చదివానని బావకు అబద్ధం చెప్పాను. మా నూనె మిషన్‌కు వెనక మూడు ఇత్తడి నట్లు ఉండేవి. ఒకదానికి ఎప్పుడూ ఒక వైరు ఉంటుంది. ఇంకొకటి షెడ్డులోని పెద్ద కరెంటుకు. మిగిలినది, ఎవరింటికైనా పనికి మోసుకుపోయినప్పుడు ఇంటి కరెంటుకు. పక్కన అంకెలు చెక్కి ఉండేవి, అవి నాకు గీతలే. కానీ ఇంటి కరెంటు నట్టుకు బావ ఎప్పుడో ఎర్ర రంగు చుక్క పెట్టుకున్నాడు. అదే నా చదువు. షెడ్డులో ఉన్నప్పుడు ఎర్ర చుక్క జోలికి పోకూడదు, అంతే.

దసరాకు ముందు మిషన్ గౌలిగూడలో ఒకరింటికి పోయి వచ్చింది. ఆయుధపూజకని వైర్లన్నీ ఊడదీసి, కడిగి, నూనె నింపాం. మా అక్క అప్పటికి ఐదో నెల కడుపుతో ఉంది, అయినా వంగి సుత్తులకు, పటకార్లకు, రంపానికి, మిషన్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టింది. మిషన్‌కు పెట్టేటప్పుడు ఏ ఒక్కదాన్నీ చిన్నబుచ్చకుండా మూడు నట్లకూ నిండుగా బొట్టు పెట్టింది.

తెల్లారి వైర్లు బిగించమని బావ నాకు చెప్పాడు. వంగి చూస్తే మూడూ ఎర్రగానే ఉన్నాయి. వేలితో ఒక్కసారి తుడిస్తే కింద రంగు ఏ నట్టుకు ఉందో తెలిసిపోయేది. తుడవలేదు. పూజలో పెట్టిన బొట్టు దానంతట అది రాలాలి గాని, మనం చెరపగూడదని మా అమ్మ నేర్పింది. బావను అడగవచ్చు, అడిగితే ఐదో తరగతి అబద్ధం బయటపడుతుంది. షెడ్డు కరెంటుది చివరి నట్టే అనుకొని బిగించాను.

తన గేటు ఎంతదాకా వచ్చిందో చూడటానికి ఒక టీచరమ్మ వచ్చి నిలబడింది. టైర్ల పెద్దాయన చాయ్ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాడు. అక్క గోడ పక్కన పూజ పూలు ఎత్తుతోంది. బావ రాడ్డు అంటించాడు. పెద్ద కరెంటు ఎర్ర చుక్క నట్టుకే ఎక్కింది, మిషన్ మూలగడం మొదలుపెట్టింది, ఫ్యూజు పోవాలి, కానీ మా షెడ్డులో ఫ్యూజు బదులు లావు రాగితీగ చుట్టి ఉండేది, పోదు. మూడో రాడ్డుకు మూత ఎగిరి రేకుల కప్పుకు కొట్టుకుంది. మరిగే నూనె బావ ఎడమచేతి మీద మోచేతి దాకా పడింది. చర్మం తొడుగులాగా ఊడి వచ్చింది. ఆయన అరవలేదు. అటు పోయి మీట కొట్టి, వెనక నట్లు చూశాడు.

“ఎవడు వెట్టిండ్రా గీ వైరు?”

నేనే పెట్టానని ఆయనకు తెలుసు. నేనన్న మాట ఇది, నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది: “అక్క అన్నిటికీ బొట్లు వెట్టింది బావా. గుర్తు దొర్కలే.”

కాలిన చేయి కాలినట్టే ఉంది, బాగున్న చేత్తో నేలమీది వెల్డింగ్ కేబుల్ అందుకున్నాడు. నన్ను దాటి అక్క దగ్గరికి పోయాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది మెడ మీద. మూడోదానికి ఆమె రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకొని గోడవైపు తిరిగింది. టీచరమ్మ కేక వేసింది. టైర్ల పెద్దాయన గ్లాసు పారేసి పరుగెత్తి వచ్చాడు, కానీ నేను దగ్గర ఉన్నాను. అతుకుల మీది మడ్డి రాల్చే సుత్తి చేతికి దొరికింది. వెనకనుంచి కొట్టాను. ఒక్కటే దెబ్బ. ఎండుకొబ్బరి చిప్ప మీద కొట్టినట్టు చప్పుడైంది.

మిషన్‌కు పెట్టిన బొట్టు చెరపడానికి వెనకాడినవాణ్ణి, ఆ సుత్తి ఒక్క అంగుళం కిందికి పడి ఉంటే మా అక్క నుదుటి బొట్టు చెరిపి ఉండేవాణ్ణి.

పారిపోయాను. నాంపల్లి స్టేషన్‌లో కనబడిన రైలెక్కాను, అది ఎక్కడికి పోతుందో బోర్డు చదవరాదు. మూడోరోజు తిరిగొచ్చి, పోలీసులు ఉంటారని తెలిసే, దవాఖానకు పోయాను. పోలీసులు వచ్చి పోయారట. బావ తలకు, చేతికి కట్లతో గోడకానుకొని కూర్చున్నాడు. “ఏంది, గట్లనే నిలబడ్డవ్? టీచరమ్మ గేటు ఎవడు చెయ్యాలె?” అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆయన బతికున్నంత కాలం ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అక్కను మళ్లీ కొట్టలేదు, భయం వల్లనో, ఎందువల్లనో నాకు తెలియదు. తలమీద గుంట గురించి ఎవరడిగినా మూత తగిలిందనేవాడు.

పుట్టిన పిల్ల పెద్దదై కోఠి విమెన్స్ కాలేజీలో చేరింది. దిగబెట్టడానికి నేను పోయేవాణ్ణి. బస్సు రాకముందు నిలబడిన కాసేపట్లో, వచ్చే బస్సుల బోర్డులు చూపించి ఒక్కొక్క అక్షరమే నాకు నేర్పింది. గౌలిగూడలోని ‘గౌ’ దగ్గర నెలరోజులు ఆగిపోయాను, ఆమె విసుక్కోలేదు. బావ పోయాక, ఆ వెనకే అక్క కూడా పోయాక, బావ పెట్టెలో ఆ పోలీసు కాగితం, దవాఖానలో బావ చెప్పి రాయించినది, దొరికింది. ఒక గంటసేపు కూడబలుక్కొని చదివాను. మిషన్ మూత ఎగిరి నా తలకు తగిలినది, నాకు ఎవరి మీదా అనుమానం లేదు, అని ఉంది. కింద ఆ సమయాన అక్కడ ఉన్నవారి పేర్లు. నలుగురివి.

ఇప్పుడు ఏ మిషన్ చూసినా దాని మీద అన్నీ రాసి ఉంటాయి, మనుషులందరికీ చదువొచ్చు, వేడి మీరితే దీపం వెలుగుతుంది. మంచిదే. మా రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను, అటువంటి రోజులు ఎవరికీ వద్దు. కానీ తల పగలగొట్టినవాడి పేరు కాగితం మీదికి రానివ్వని మొండి మనిషి, ఏ కొట్టులో అడిగినా ఇప్పుడు దొరకడు. ఈ ముచ్చట నా మేనకోడలికి ఆటోలోనే చెప్పి ఉండవలసింది, నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను, ఆమె నేర్పిన అక్షరాలతోనే. కొత్త మిషన్‌కు ఆమె బొట్టు పెట్టకముందే ఇది ఆమె చేతిలో పెడతాను.

కాగితంలో నలుగురే. ఉన్నది ఆరుగురం. మా బావ. మా అక్క. టైర్ల కొట్టు పెద్దాయన. గేటు కోసం వచ్చిన టీచరమ్మ. అక్క కడుపులో నా మేనకోడలు. సుత్తి పట్టుకొని నేను.