గార్డు లేని కట్టర్

ఆఫీసులో అట్టలు, కార్డులు కోసేది ఆవిడే. అందరూ ‘కార్డులక్క’ అంటారు. కాగితాల కట్టను బల్ల మీద మూడుసార్లు తట్టి, అంచు వెంబడి బొటనవేలు నడిపి, ఊపిరి బిగబట్టి కట్టర్ పిడి దించుతుంది. ఎడమ చూపుడువేలి కొస లేదు, పాత కట్టర్ కింద పోయింది. ఎవరైనా అడిగితే "ఆఫీసుకిచ్చేశా" అంటుంది, నవ్వకుండా.

ఆ కట్టర్ మూలపడ్డాక కొత్తది ఎంపిక చెయ్యడానికి మేనేజరు గదిలో నలుగురు కూర్చున్నారు. రోజూ కోసే మనిషిని పిలవాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు. తనే వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. అమ్మడానికి వచ్చినతను రెండు కట్టర్లు బల్ల మీద పెట్టి, ఒకదానికి వేళ్లు కత్తి కిందికి పోకుండా అడ్డుగా ఉన్న గార్డును చూపించాడు. "ఇది ఉంటే పని నెమ్మదిస్తుందండీ. లేనిదైతే చకచకా తెగుతుంది."

"లేనిదే తీసుకుందాం," అన్నాడు మేనేజరు. "జాగ్రత్తగా కోసుకుంటే ఏమీ కాదు."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. లోపలికొచ్చి, గార్డు లేని కట్టర్ మీద అట్ట పెట్టి, పిడి పైకెత్తి పట్టుకుంది.

"అట్ట జరక్కుండా కాస్త వేళ్లతో నొక్కి పట్టుకోండి సార్. నేను జాగ్రత్తగానే కోస్తాను."

మేనేజరు చెయ్యి చాచబోయి, కత్తిని చూసి, వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ పిడి వదల్లేదు.

"పట్టుకోండి సార్, ఒక్కసారే కదా. నేను రోజుకి రెండొందల సార్లు పట్టుకుంటాను."