మయూర్ విహార్‌లో రాష్ట్ర విభజన

రాష్ట్ర విభజన చర్చలో వేలు పెట్టినందుకు యావత్ తెలుగు ప్రజానీకం నన్ను క్షమించాలి.

ఇవాళ పాతసామాన్ల బండి మీద ఆకుపచ్చ వైరు కుర్చీ కనిపించింది. కూర్చుంటే తొడల మీద గళ్లు పడేవి, గుర్తుందా? మా ఇంట్లో అది ఎదురింటి గుంటూరు అంకుల్‌ది. ప్రతి ఆదివారం అందులో కూర్చుని రాష్ట్రం కలిసే ఉండాలనేవారు. వరంగల్ నుంచి వచ్చిన నాన్న విడిపోవాలనేవారు. దేశ రాజధానిలో పుట్టి పెరిగి ఆ రెండు ఊళ్లూ చూడని నాకు ఒకటే సందేహం: విడిపోయాక వీళ్లిద్దరూ మాట్లాడుకుంటారా?

ఓసారి మాట పెరిగి అంకుల్ రావడం మానేశారు. నాన్న టీవీలో వార్తలు పెట్టుకుని తలుపు వైపే చూసేవారు.

ఒకరోజు అంకుల్ లుంగీతోనే దూసుకొచ్చారు. "ఎవరయ్యా ఓడిపోయింది? నేనా?"

నాన్నకు ఏమీ అర్థం కాలేదు గానీ ముఖం వెలిగిపోయింది. "ముందు కూసో అన్నా. చాయ్ తాగినంక కొట్లాడుదాం."

చరిత్ర కోసం ఒప్పుకుంటున్నాను. "అంకుల్, మీరు ఓడిపోయారని డాడీ సొసైటీ అంతా చెబుతున్నారు" అని ఆయన తలుపు కొట్టి చెప్పింది నేనే.