అహరోను మెచ్చిన ఇళ్ళు

కరీంనగర్‌లో పాత ఇల్లు కొనాలంటే ముందు దానికి వంకలు పెట్టడం నేర్చుకోవాలి. ఇది నేను పెట్టిన నియమం కాదు. అంగట్లో ఎద్దును కొనేవాడు దాని పళ్ళు చూసి పెదవి విరవడూ? ఇదీ అంతే. గడప దాటగానే పైకప్పు వైపు చూసి "ఉరుస్తదేమో" అనాలి. గోడను వేళ్ళతో తట్టి నిట్టూర్చాలి. వెనక్కి వెళ్ళి బావిలోకి తొంగిచూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగి రావాలి. అప్పటికి అమ్మేవాడికి సగం ప్రాణం పోతుంది. మిగతా సగం నాలాంటి వాడు చూసుకుంటాడు.

నా పేరు హనుమంతు. ఈ ఊళ్ళో ఇళ్ళూ జాగాలూ బేరం కుదిర్చి పెట్టడం నా పని. ఇన్నేళ్ళలో ఎందరో కొనేవాళ్ళను చూశాను. పిసినారులను చూశాను, వాస్తు పిచ్చోళ్ళను చూశాను, కొనకుండానే ఏడాది పొడవునా చాయ్‌లు తాగిపోయినవాళ్ళనూ చూశాను. కానీ నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం ఒక్కడే. అతను అహరోను.

అహరోను మెట్‌పల్లిలో పుట్టి పెరిగిన మెథడిస్టు క్రైస్తవుడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వెనక సీటు దాకా వినపడే రకం. ఉద్యోగమంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి పాత ఇళ్ళను చూసీ చూసీ అతనికి వాటి పిచ్చి పట్టుకుంది. యాభైల్లోనో అరవైల్లోనో కట్టిన ఇల్లు కనబడితే చాలు, రోడ్డు మధ్యలోనైనా ఆగిపోతాడు. ముందుగోడ మీద సిమెంటుతో పోసిన సంవత్సరం అంకెలను చేత్తో తడుముతాడు. ఓసారి కోతిరాంపూర్‌లో ఎవరి గోడనో అలా తడుముతుంటే ఆ ఇంటావిడ చీపురు పట్టుకొని బయటికొచ్చింది. కాసేపటికి చూస్తే ఇద్దరూ కలిసి గోడ తడుముతున్నారు.

అలాంటి మనిషికి నేను ఇల్లు చూపించాలి.

మొదట కశ్మీర్‌గడ్డలో లక్ష్మణ్ అనే కిరాణా వ్యాపారి ఇల్లు అమ్మకానికొచ్చింది. వాళ్ళ తాత కట్టించిన ఇల్లు. ముందే అహరోనుకు గట్టిగా చెప్పాను.

"అన్నా, లోపటికి పోయినంక నోరు తెరువకు. తెరిస్తె వంకనే పెట్టాలె."

"పెడ్త తియ్యి తమ్మీ, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

గడప దాటాడు. ఎర్రటి గచ్చు నేల చూశాడు. చెప్పులు ఎప్పుడో విడిచేశాడు, ఇప్పుడు పాదాలు రెండూ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "అబ్బబ్బ! ఎంత సల్లగున్నది! లక్ష్మణ్ సేటూ, ఎండకాలం మీరంత గీ గచ్చు మీదనే పండుకుంటరేమో?"

"లేదు సార్, పైన ఏసీ రూముల పండుకుంటం."

"అయ్యో పాపం!" అన్నాడు అహరోను. వెటకారం కాదు, నిజంగానే జాలిపడ్డాడు. తర్వాత టేకు తలుపుల దగ్గరికి వెళ్ళాడు. ఆదిలాబాద్ అడవి టేకు అనీ, ఇప్పుడు అలాంటి కలప కోసం అడవంతా తిరిగినా దొరకదనీ చెప్పాడు. పైన వెంటిలేటర్‌లో ఉన్న రంగుటద్దాలు చూపించాడు. పొద్దుటి ఎండ పడితే గోడ మీద ఎన్ని రంగులు ఆడతాయో చేతులు ఊపి మరీ చెప్పాడు. లక్ష్మణ్ నోరు తెరుచుకొని పైకి చూశాడు.

"గీ అద్దాలు నేనెన్నడు సూడలే" అన్నాడు.

"మీరు పుట్టిన ఇల్లే గదా సేటూ!"

"పుట్టిన గని సూడలే."

అప్పటికే నాకు చెమటలు పట్టాయి. అసలు దెబ్బ అప్పుడు పడింది. మెథడిస్టు పెద్దలు ఎవరింటికి వెళ్ళినా ప్రార్థన చేయకుండా లేవరు. నీళ్ళు తాగకపోయినా ఫరవాలేదు గానీ ప్రార్థన మానరు. అహరోనుకు ఇళ్ళ కోసం వచ్చిన ప్రార్థన ఒక్కటే, వాళ్ళ బాపు దగ్గర నేర్చుకున్నది. నిలబడి, కళ్ళు మూసుకొని, బస్టాండు గొంతుతో మొదలుపెట్టాడు. "ప్రభువా, గీ ఇంటోళ్ళను సల్లగ సూడు. గీ ఇంటి నీడ వీళ్ళ మీదికెల్లి ఎన్నటికి పోనియ్యకు."

మోచేత్తో పొడిచాను. అతను ఇంకా గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. శనివారం ఉపవాసాలుండే లక్ష్మణ్, చేతులు జోడించి నిలబడ్డాడు. అంతా అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"హనుమంతూ, దేవుని మాట పడ్డది. ఇగ అమ్ముడేంది?"

బయటికొచ్చి అహరోనును కడిగేశాను. "ఏందన్నా ఇది! నువ్వు కొనాల్సిన ఇల్లు వాళ్ళకే ఉండాలని మొక్కుతవా?"

"మరేమని మొక్కాలె? పరాయోళ్ళ ఇల్లు నాకియ్యమని దేవుణ్ణి అడుగుతరా ఎవరన్న? సిగ్గుండాలె గదా తమ్మీ."

"పైకి అనకు. మనసుల అడుక్కో!"

"మనసుల ఆశపడితె ఇంకింత పాపం" అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం వ్యాపారం చేస్తాం చెప్పండి?

అయినా బుద్ధి రాక ఇంకో ఇల్లు చూపించాను. మంకమ్మతోటలో వెంకటి అనే కాంట్రాక్టరుది. గుండ్రటి బాల్కనీ, దాని ఇనుప జాలీలో పొడిచే సూర్యుడి బొమ్మ. ఈసారి దారి పొడవునా ఒక్క వంక బట్టీ పట్టించాను. అహరోను లోపలికి వెళ్ళాడు, గోడ చూశాడు, నా వైపు చూశాడు, ధైర్యం కూడగట్టుకున్నాడు.

"గోడకు నెమ్మెక్కింది" అన్నాడు.

శభాష్ అనుకున్నాను.

"ఎక్కితె ఎక్కింది గని ఎంత ముద్దుగెక్కింది! మబ్బు పట్టినట్టున్నది."

తర్వాత బాల్కనీ, తర్వాత ప్రార్థన. మరుసటి వారానికి వెంకటి ఆ ఇంటికి రంగులు వేయించి, చుట్టాలను పిలిచి బాల్కనీలో దావత్ ఇచ్చాడు. దాన్ని కూలగొట్టి అపార్ట్‌మెంటు కట్టాలని కాచుకున్న బిల్డరు ఫోన్ చేసి నన్ను అన్న మాటలు అచ్చులో పెట్టదగినవి కావు.

ఊళ్ళో అహరోను పేరు పాకిపోయింది. గణేశ్‌నగర్ నుంచి యాదవ్వ అనే పెద్దావిడ ఫోన్ చేసింది. కొడుకులు ఇల్లు అమ్మేద్దామంటున్నారట, ఆమెకు ఇష్టం లేదట.

"బిడ్డా, గా మెచ్చుకునే సారును జర మా ఇంటికి తోలియ్యి."

"ఆయన ఇల్లు కొనేటాయన అవ్వా" అన్నాను.

"అవునవును, కొనేటాయననే. వచ్చి కొనకుంట పొమ్మను."

అహరోను ఇస్త్రీ చొక్కా వేసుకొని మరీ వెళ్ళాడు. సంచి నిండా సకినాలతో తిరిగొచ్చాడు. కొడుకులు అమ్మకం మాట మానేశారు. "మంచి ఇల్లు తమ్మీ, జర్రంతల తప్పిపోయింది" అని నా ముందు సకినం కొరికాడు. తనను ఎందుకు పిలిచారో ఆ అమాయకుడికి ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో అహరోను ఉంటున్న అద్దె ఇంటినే యజమాని కూలగొట్టిస్తానన్నాడు. క్రిస్మస్‌లోపు ఖాళీ చేయాలి. అహరోను భార్య ప్రిస్కిల్లా దవాఖానాలో నర్సు. ఎంతమంది రోగులనైనా కంటిచూపుతో పండబెట్టగల మనిషి. ఆమె బైపాస్ పక్కన అయిదో అంతస్తులో ఫ్లాటు చూసి పెట్టింది.

"నాకు మోకాళ్ళ నొప్పులు. లిఫ్టు కావాలె" అంది.

"కింది ఇల్లయితె లిఫ్టెందుకు? మెట్లే ఉండయి గదా" అన్నాడు అహరోను.

"నీకు ఇల్లమ్మేటోడు గీ జిల్లాల లేడు. నీ నోరే నిన్ను ముంచింది."

అహరోను తల వంచుకున్నాడు. "ఒక్క ఇల్లు సూస్త, ఇగ ఒక్కటే. గది గూడ తప్పిపోతె నోర్మూసుకోని లిఫ్టెక్కుత" అన్నాడు. పైకి నవ్వుతూనే అన్నాడు గానీ ఆ ముఖం చూస్తే నాకు అంతవరకూ ఉన్న కోపమంతా పోయింది. ఆ ఒక్క ఇల్లూ నేనే వెతకాలి.

దొరికింది. సవారన్ వీధిలో కోమల అనే టీచరమ్మది. భర్తకు భైంసాలో పత్తి వ్యాపారం, ఆమెకూ అటువైపే బదిలీ అయింది. 1959లో వాళ్ళ తాత కట్టించిన ఇల్లు. అంతా కిందే, మెట్లు లేవు. వరండాకు సన్నటి గుండ్రటి కంబాలు, పూల సిమెంటు జాలీలు, రంగురంగుల రాళ్ళముక్కలు పొదిగిన మొజాయిక్ నేల, గోడలకు గుండ్రటి నల్ల స్విచ్చులు. నేను చూసినప్పుడే అనుకున్నాను, ఇది చూస్తే అహరోను ఆగడు, మా పని ఖతం అని.

అందుకే ప్రిస్కిల్లా కూడా వచ్చింది. గేటు బయటే హుకుం జారీ చేసింది. "మాట్లాడుడు నేను. నువ్వు నోరు తెరువద్దు. ప్రార్థన ఇంటికి పోయినంక చేస్కో." సరిపోదని అతని నోట్లో ఓ పెద్ద నిమ్మబిళ్ళ కూడా పెట్టింది.

వంకలు పెట్టడంలో ప్రిస్కిల్లా నాకే పాఠాలు చెప్పగలదు. వంటింట్లో పొగ పోయే దారి లేదంది. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది, వానాకాలం గొడుగు పట్టుకొని పోవాలా అంది. పైకప్పు చూసి ఉరుస్తుందంది.

"ఉరుస్తదక్కా. బకీట్ పెడ్తం" అంది కోమల, ఏ మాటా కాదనకుండా.

అహరోను వెనకాల ఒక బుగ్గ ఉబ్బించుకొని నడుస్తున్నాడు. కంబం దగ్గర ఆగి దాన్ని మెల్లగా నిమిరాడు. కళ్ళలో నీళ్ళు.

"సారుకు పన్ను నొస్తున్నదా?" అని అడిగింది కోమల.

"ఆయనకు అలవాటే" అంది ప్రిస్కిల్లా.

ధర దగ్గర కూడా పేచీ రాలేదు. చాయ్‌లు తాగాం. ఇక లేవబోతున్నాం, నేను మనసులో దండం కూడా పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు కోమల అంది, "సారు ఇండ్లల్ల మంచిగ ప్రార్థన జేస్తరని ఊరంత అంటున్నరు. మా ఇంట్ల గూడ జేసి పోండ్రి."

నేను ప్రిస్కిల్లా వైపు చూశాను.

"ఆయనకు గొంతు బాగలేదు" అంది ప్రిస్కిల్లా గబగబా.

"మెల్లగనే చెయ్యుమనుండ్రి అక్కా. పుట్టి పెరిగిన ఇల్లాయె. మంచి మాట ఒకటి పడితె మనసుకు నిమ్మళంగుంటది."

అలా అడిగితే ఏ మెథడిస్టు కాదంటాడు? అహరోను నిమ్మబిళ్ళ తీసి రుమాలులో చుట్టాడు. నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ప్రిస్కిల్లా మూసుకుంది, కోమల చేతులు జోడించింది. నేను మాత్రం మూసుకోలేదు, మునిగిపోయేదేదో కళ్ళారా చూద్దామని.

"ప్రభువా, గీ ఇంటోళ్ళను సల్లగ సూడు. గీ ఇంటి నీడ..."

అక్కడ ఆగిపోయాడు. ఎన్నడూ ఆగని గొంతు అది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ప్రిస్కిల్లా ఒక కన్ను తెరిచి చూసింది.

"ప్రభువా, ఇగ నాతోని గాదు" అన్నాడు. "ఎవరింటికి పోయినా, వాళ్ళిల్లు వాళ్ళకే ఉండనియ్యి అని అడిగిన. లోపల మాత్రం నాక్కావాలని ఉండె. కశ్మీర్‌గడ్డది గూడ కావాలని ఉండె, మంకమ్మతోటది గూడ కావాలని ఉండె. గవన్ని పోనియ్యి. గిదొక్కటి నాకియ్యి. గా కంబాలు జూడు ప్రభువా, ఎంత సన్నగున్నయో. గా మొజాయిక్ జూడు. ఇస్తె నీకేమన్న తక్కువైతదా? నాకు లిఫ్టు ఎక్కబుద్ధి అయితలేదు. పొద్దుగాల దర్వాజ తీస్తె మట్టి కనబడాలె. నేను కూలగొట్ట, నీ తోడు. వంటిల్లు గూడ అట్లనే ఉంచుత. కోమలమ్మకు ఎప్పుడు యాదికొస్తె అప్పుడొచ్చి పండుకోని పోవచ్చు. పరాయోళ్ళ ఇల్లు అడుగుడు తప్పే. తప్పే గని, కావాలె."

 నేను ఇల్లు కుదిర్చిపెట్టినవాళ్ళెవరూ ఇంటిని అలా అడగలేదు. నాకు తెలియకుండానే నేనూ చేతులు జోడించాను, ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"ఆమెన్" అంది ప్రిస్కిల్లా, వీధిలోకి వినపడేలా.

కోమల ఆమె వైపు తిరిగింది. "గా మాట నేను గూడ అనాల్నా అక్కా?"

"ఒప్పుకుంటెనే అనాలె."

"అంటె ఇల్లు ఇచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే."

కోమల చుట్టూ చూసింది. కంబాలు చూసింది, జాలీలు చూసింది, నేల వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. సరిగ్గా అలా చూశాకే లక్ష్మణ్ అడ్డం తిరిగాడు. కుర్చీ పట్టుకొని ఊపిరి బిగబట్టాను.

కోమల కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆమెన్" అంది.

అహరోను కదల్లేదు. కళ్ళు ఇంకా గట్టిగా మూసుకొనే ఉన్నాడు. నేను భుజం పట్టి ఊపినా తెరవలేదు. తెరిస్తే ఎక్కడ మాట మారిపోతుందోనని భయం కాబోలు. ప్రిస్కిల్లా మోకాళ్ళు పట్టుకొని లేచి, నెమ్మదిగా అతని పక్కకు వెళ్ళింది.

"కండ్లు తెరువు" అంది. "మనిల్లు సూస్కో."