రెండు కార్లకు ఒకటే ప్రాణం

నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినపడేదని నాన్న ఆమెకు హారన్ అని పేరు పెట్టాడు. ఆయన లేత్ మిషన్ పనివాడు. ఇంటి పక్క షెడ్డులో రెండు పాత కార్లుండేవి, ఒకటి నల్లది, ఒకటి మీగడ రంగుది. రెండింటికీ ప్రాణం ఒక్కటే. ఆదివారం పొద్దున్నే ఒకదాని సామాను ఊడదీసి రెండోదానికి బిగించేవాడు. ఏది లేస్తే అందులో అందరూ షికారు.

"నల్లదే లేస్తుంది చూడు" అనేవాడు అన్నయ్య.

"నీ మొహం! మీగడదే."

రెండూ మొరాయిస్తే నాన్న చేతులు తుడుచుకుంటూ, "వచ్చే ఆదివారం రెండోదాన్ని చూద్దాంలే" అనేవాడు.

నాన్న పోయాక అన్నాచెల్లెళ్లు చెరొకటి పంచుకున్నారు. ఏ సామాను ఎందులో ఉందో ఎవరూ చూసుకోలేదు. నల్లదాన్ని తాడు కట్టి అన్నయ్య ఇంటికి లాక్కెళ్లాక తెలిసింది, దాని కార్బురేటర్ మీగడదానిలో ఉండిపోయిందనీ, మీగడదాని గేర్‌బాక్సు నల్లదానితో వెళ్లిపోయిందనీ.

"ముందు నువ్వివ్వు."

"పెద్దవాడివి, నువ్వే ఇవ్వు."

అక్కడితో మాటలు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి కుట్టు మిషన్ ముందు వంగి వంగి హారన్ నడుం వంగిపోయింది. గొంతూ తగ్గింది.

మొన్న వదిన ఫోన్ చేసింది. "మీ అన్నయ్య మంచం దిగట్లేదమ్మా. ఒక్కసారి నల్ల బండి చప్పుడు వినాలంటున్నారు."

హారన్ కార్బురేటర్‌ను లైనింగ్ గుడ్డలో చుట్టుకుని బయలుదేరింది. మెకానిక్‌నీ వెంటబెట్టుకుంది. అతను నల్లదాని బానెట్ ఎత్తాడు. లోపల ఎలుకల గూడు. రెంచి పట్టి తిప్పబోయాడు, ఇంజన్ వెంట్రుకవాసి కదల్లేదు.

"మీరు తెచ్చింది బాగానే ఉందమ్మా. ఇంజనే పట్టేసింది. గేర్‌బాక్సూ అంతే, తుప్పు ముద్ద. కాస్త ముందు తెచ్చుంటే..."

మిగతా మాట విననట్టు ఆమె లోపలికి నడిచింది. దుప్పటి కింద అన్నయ్య ఉన్నాడో లేడో తెలియనంత సన్నగా ఉన్నాడు.

"ఏమే హారన్, చప్పుడు రాలేదేం?"

"ఇవాళ లేవదట అన్నయ్యా."

ఆయన కిటికీ వైపు మొహం తిప్పాడు.

"వచ్చే ఆదివారం నీ బండి చూద్దాంలే."

దాని గేర్‌బాక్సు బయట తుప్పు ముద్దై ఉందని ఇద్దరికీ తెలుసు. ఆదివారం దాకా ఆయన ఉండడనీ తెలుసు.

"అలాగే" అంది ఆమె, కార్బురేటర్‌ను మళ్లీ గుడ్డలో చుడుతూ.