సందు తియ్యుండ్రి

ముందే ఒప్పుకుంటున్నాను, నా మాటల్లో పిల్లి ఏనుగంత ఉంటుంది. వాన పడుతోందని నేను కేకేస్తే మా ఇంట్లో ఎవరో ఒకరు వాకిట్లోకి వెళ్లి చెయ్యి చాపి చూశాకే దండెం మీది బట్టలు తీస్తారు. కాబట్టి మీరు కూడా వడ్ల కొనుగోలులో తీసినట్టు కొంత తరుగు తీసేసి చదువుకోండి.

మొన్న మా అమ్మాయి నాకొక చిన్న గాజు సీసా తెచ్చిచ్చింది. లోపల తేనె మైనం పూసిన పట్టుదారం ఉంది. పళ్ల సందులు శుభ్రం చేసుకోవడానికట. “బాపూ, ప్లాస్టిక్‌ది వాడకు. గిదైతే మట్టిల కలిసిపోతది” అంది. “నేను గూడ కలిసేటోన్నే గద బిడ్డా, ఎవలు ముందో సూద్దాం” అన్నాను. పాపం, ఆ పూట నాతో మాట్లాడలేదు. మా రోజుల్లో పళ్ల సందుల కోసం దుకాణానికి వెళ్లే మనిషి మా వైపు పుట్టనే లేదు. చీపురు పుల్ల ఉండేది, వేప పుల్ల ఉండేది, ఆడవాళ్ల పుస్తెలతాడుకు పిన్నీసుల గుత్తి ఉండేది (మా అమ్మ పిన్నీసుతో నా కాళ్ల ముళ్లు తీసేది, తన పళ్లు కుట్టుకునేది, మాట వినకపోతే నన్ను పొడిచేది). వాటన్నిటికంటే మేలైనది మా అమ్మమ్మకు తెలుసని నాకు తెలిసేసరికి ఆమె మంచాన పడి ఉంది.

అప్పుడు నేను సిరిసిల్లలో సాంచాలు నడిపేవాణ్ని. ఆ పవర్‌లూముల మోతకు నా చెవులు ఎంత పాడయ్యాయంటే, ఇంటికొస్తే కోడి కూత కూడా గుసగుసలాగే వినిపించేది. కోరుట్లలో అమ్మమ్మకు పక్షవాతం వచ్చిందని కబురొస్తే వెళ్లాను. జగిత్యాల ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇంటికి తీసుకుపోయి ఆమెకు ఇష్టమైనవి పెట్టమన్నారు (ఈ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు కదా). కుడి వైపంతా పడిపోయింది. నాలుక మొద్దుబారింది. నోట్లోంచి రెండే మాటలు వచ్చేవి: “సందు... తియ్యుండ్రి.”

ఆ ఇంట్లో సందు అన్న మాట అగ్గిపుల్ల లాంటిది. పెద్దమామ ఇంటికీ చిన్నమామ ఇంటికీ మధ్య ఒక సందు ఉండేది. సన్నటి మేక ఊపిరి బిగబట్టి దూరాలి, అంత వెడల్పు. అది నాదంటే నాదని అన్నదమ్ములు మాటలు మానేసి ఏళ్లయింది. పెద్దమామ దాని మొదట్లో రేకు అడ్డం కొట్టాడు. చిన్నమామ పంతానికి చివర్న కోళ్ల గూడు కట్టాడు. మధ్యలో మా అమ్మ ఏ తమ్ముడి ఇంట్లో చాయ్ తాగినా రెండో వాడి ఇంట్లో తిట్లు తాగాల్సిందే. “నేను సచ్చేలోపు వీళ్లు మాట్లాడుకుంటే సాలు” అని అమ్మమ్మ, కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లూ ఏడ్చేది.

ఇప్పుడామె ఎడమ చెయ్యి వణుకుతూ లేచి ముఖం పక్కకు పోయేది. ఆ పక్కన గోడ, గోడ అవతల సందు. పెద్దమామ తలుపు పట్టుకుని మా అమ్మ ముందు బోరుమన్నాడు (మా వైపు అమ్మను అవ్వ అంటాం). “అవ్వ పానం గా రేకు మీదనే ఉన్నదే అక్కా! సందు తియ్యమంటాంది!” సుత్తి తీసుకుని వెళ్లి రేకు ఊడబీకాడు. ఆ చప్పుడుకు చిన్నమామ అటునుంచి వచ్చి, ఒక్క క్షణం చూసి, తనూ చెయ్యి వేశాడు. రేకు కిందపడగానే అన్నదమ్ములు కౌగిలించుకున్నారు. వాళ్ల ఏడుపు మెట్‌పల్లి దాకా వినిపించింది.

అయితే అమ్మమ్మ మళ్లీ “సందు... తియ్యుండ్రి” అంది.

“ఇంక ఏం తియ్యాల్నే అవ్వా?” అన్నాడు చిన్నమామ. కోళ్ల గూడు తీశాడు. “సందు...” పెద్దమామ సందులోకి పొడుచుకొచ్చిన తన మెట్టు పగలగొట్టాడు. “తియ్యుండ్రి...” ఇంకో రోజు గడిస్తే రెండిళ్లూ నేలమట్టమై కోరుట్లకు కొత్త మైదానం వచ్చేది.

నేను జావ తాగిస్తుంటే చూశాను. ఆమె నాలుక ఒకే చోటికి పోయి పోయి పొడుస్తోంది. కుడివైపు మిగిలిన రెండు పళ్ల మధ్య మామిడి పీచు ఇరుక్కుని, చుట్టూ చిగురు వాచి ఎర్రగా ఉంది. పెద్దమామ ప్రేమకొద్దీ తినిపించిన పండు! “అవ్వా, పంటి సందే!” అని అమ్మను పిలిచాను. అమ్మ పిన్నీసు తీసింది. అమ్మమ్మ నోరు గట్టిగా మూసేసుకుంది. చీపురు పుల్ల దూరలేదు. వేప పుల్ల నమిలి మెత్తచేసి పెడితే కొస విరిగింది. నా జేబులో సాంచాల దారం ఉంది, పాలిస్టర్‌ది. దానితో లాగితే చిగురు కోసుకుపోయి రక్తం వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దారం పక్కన పడేశాను.

అప్పుడామె ఎడమచేత్తో తన నేత చీర కొంగు తడిమి, అంచు పట్టుకుని నాకు చూపించింది. ఒక్క నూలు పోగు లాగాను. జావలో తడిపి సందులోకి దించి మెల్లగా ఆడించాను. పీచు వచ్చేసింది. ఆమె “ఆఁ...” అని ఒక పెద్ద ఊపిరి వదిలి, మంచాన పడ్డాక మొదటిసారి నిద్రపోయింది.

నాకేమో ఊరంతా టముకు వేయాలనిపించింది. “మామా! సందంటే...” అని బయటికి ఉరికాను. అమ్మ వెనకనుంచి నా కాలర్ పట్టుకుంది. “గా మాట బయటవడ్డదనుకో, నీ పండ్లు రాలగొడ్త!”

“నిజమేందో చెప్పొద్దా అవ్వా?”

“ఎవలికి గావాలెరా నీ నిజం? ఆడ సూడు.”

చూశాను. సందులో ఇద్దరు మామలూ పగిలిన ఇటుకలు ఏరుతున్నారు. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అదో అరుదైన ఘటన.

అమ్మమ్మ ఆ వారం దాటలేదు. ఇరుగుపొరుగు చూస్తుండగా పాడె ఆ సందులోంచే, పక్కకు ఒరుగుతూ, గోడలకు రాసుకుంటూ వెళ్లింది. మామలిద్దరూ ఇప్పుడు లేరు కనుకనే రాస్తున్నాను. ఇవాళ నా పళ్ల మధ్య కూడా సందులు పడ్డాయి. అద్దం ముందు పట్టుదారంతో కుస్తీ పడుతుంటే, నెరిసిన మీసాల కింద అమ్మమ్మ నోరే కనిపించి నవ్వొస్తుంది. పట్టు బాగానే ఉంది, కానీ నూలులా పంటిని పట్టుకోదు.

ఇక కల్పించిందేదో చెప్పేస్తాను. మామలు కౌగిలించుకోలేదు. ఏడుపూ మెట్‌పల్లి దాకా పోలేదు, పక్కింటికి కూడా వినిపించలేదు. ఊడిన రేకుకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వాకిట్లోకి మోశారు. దించేటప్పుడు పెద్దమామ నేల చూస్తూ, “అంచు కోసుకుంటది, చెయ్యి పైలం” అన్నాడు. చిన్నమామ “ఊఁ” అన్నాడు.